ఒక ముద్దుకి ఒక గిన్నె సూప్

మా అక్క కూతురికి 14 ఏళ్లు. ఆమధ్య వచ్చినప్పుడు నా పుస్తకాల అలమర ముందు చాలాసేపు తచ్చాడి, గులాబీరంగు అట్ట ఉన్న నవల ఒకటి బయటికి లాగింది. అట్ట మీద కార్టూన్ బొమ్మలు: నవ్వుతున్న అమ్మాయి, మొహం ముడుచుకున్న పొడుగాటి అబ్బాయి, చుట్టూ నక్షత్రాలు. "పిన్నీ, ఇది తీసుకెళ్లనా?" అంది. సగం దాటాక అందులో ఏముందో నాకు తెలుసు కాబట్టి, "అది నీకు కాదులే" అని లాక్కుని, పక్కనున్న ఇంకోటి చేతిలో పెట్టాను. సుజాన్ కాలిన్స్ రాసిన 'ద హంగర్ గేమ్స్'. అది బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాక నాకే నవ్వొచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి దగ్గరయ్యే కథ వద్దని, 24 మంది పిల్లల్ని బరిలోకి తోసి ఒక్కరు మిగిలేదాకా చంపుకోమనే కథ ఇచ్చి పంపాను.

అయినా నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే, యంగ్ అడల్ట్ నవలలూ రొమాన్స్ నవలలూ ఈ పదిహేనేళ్లలో ఒకదాంట్లోకి ఒకటి ఎలా కలిసిపోయాయో చెప్పాలి. నేను రెండూ చదువుతాను. బస్సులో, వంట మధ్యలో, అర్ధరాత్రి దాటాక కూడా. కాబట్టి ఇది దూరంగా కూర్చుని తీర్పు చెప్పే మనిషి మాట కాదు. ఇష్టంగా తింటూనే ఉప్పెక్కువైందని గొణిగే మనిషి మాట.

అట్ట ఒకటి, లోపల ఇంకొకటి

యంగ్ అడల్ట్ అంటే ప్రచురణకర్తల లెక్కలో 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం రాసింది. వైఏ అని పొడి అక్షరాల్లో అనేస్తారు. ఈ రకం నవలకు మొదటి గుర్తుగా ఎక్కువమంది చూపించేది 1967లో వచ్చిన 'ది అవుట్‌సైడర్స్'. రాసిన ఎస్. ఇ. హింటన్ స్వయంగా టీనేజి పిల్లే. అది అచ్చయ్యేనాటికి ఆమెకు 18 ఏళ్లు. పెద్దవాళ్లు పిల్లల కోసం రాసే బుద్ధుల కథలు చదవలేక, తను చూస్తున్న కుర్రాళ్ల గొడవల్ని వాళ్ల గొంతుతోనే రాసింది. అప్పట్నుంచీ వైఏకి అదే గుర్తు. కథ చెప్పేది పిల్లలే, ఏదైనా వాళ్లకది మొదటిసారే, వెనక్కి తిరిగి చూసి సర్దిచెప్పే పెద్దమనిషి గొంతు ఉండదు.

రాయడం పిల్లల కోసమే. కొనేవాళ్ల సంగతి వేరు. 2012లో అమెరికాలో బౌకర్ అనే సంస్థ చేసిన సర్వేలో 12 నుంచి 17 ఏళ్ల వాళ్ల కోసమని వేసిన పుస్తకాల్ని కొంటున్నవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లేనని తేలింది. వాళ్లలోనూ 30 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లే ఎక్కువ. పిల్లలకు బహుమతిగా కొంటున్నారేమో అనుకుంటారు కదా, చాలావరకు తమ కోసమే కొంటున్నారని కూడా తేలింది.

ఇంకో చిన్న లెక్క చూడండి. స్టెఫనీ మేయర్ రాసిన వైఏ ప్రేమకథ 'ట్విలైట్' 2005లో వచ్చింది. అప్పుడు 14 ఏళ్ల పిల్ల 2025 కల్లా 34 ఏళ్ల మనిషైంది. ఆ మనిషికి పదిహేనేళ్లప్పటి ఆ గుండెదడ కావాలి, ఆ ఊపిరి బిగపట్టడం కావాలి, కానీ స్కూలు కారిడార్లు వద్దు. పడగ్గది తలుపు మూసుకున్న చోట అధ్యాయం ముగిసిపోవడమూ వద్దు. అంటే వైఏ ఊపు ఉండాలి, పెద్దవాళ్ల ప్రేమా ఉండాలి. ఈ కోరికకి పేరు పెట్టాలని 2009లోనే సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ 'న్యూ అడల్ట్' అన్న మాట వాడి రచనలు పంపమని పోటీ పెట్టింది. పేరు కొంతకాలం నలిగింది గానీ పుస్తకాల షాపుల్లో దానికంటూ ఒక అర కుదరలేదు. అర లేకపోయినా పుస్తకాలు మాత్రం ఆగలేదు.

సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' దీనికి మంచి ఉదాహరణ. 2015లో వచ్చినప్పుడు అది వైఏ అరల్లో కూర్చుంది. నాయిక ఫేయ్‌రాకి 19 ఏళ్లు, కథకి మూలం 'బ్యూటీ అండ్ ద బీస్ట్' అనే జానపద కథ, కాబట్టి పిల్లలదే అనుకున్నారు. చదివినవాళ్లకు తెలుసు, రెండో భాగానికి వచ్చేసరికి అది పిల్లల పుస్తకం కాదని. 2020లో అట్టలు మార్చి, పెద్దల పుస్తకాలుగా మళ్లీ తెచ్చారు. లోపల కథ అదే, మారింది అట్టే. ఇప్పుడు ఈ రకాన్ని రొమాంటసీ అంటున్నారు. రొమాన్సూ ఫాంటసీ కలిపిన మాట.

ఇక ఆ కార్టూన్ అట్టలు. ఒకప్పుడు రొమాన్స్ నవల అట్ట మీద చొక్కా గుండీలు ఊడిన వీరుడూ, అతని చేతుల్లో వెనక్కి వాలిన నాయికా ఉండేవాళ్లు. నలుగురిలో తీసి చదవాలంటే మొహమాటం. కానీ పుస్తకం ఏ రకానిదో దాచేది కాదు. ఇప్పుడు అందమైన రంగులు, ముద్దొచ్చే బొమ్మలు. బస్సులో ధైర్యంగా చదువుకోవచ్చు, ఆ మేలు నేనూ అనుభవిస్తున్నాను. కాకపోతే 14 ఏళ్ల పిల్లకి అది తన పుస్తకంలా కనిపిస్తుంది. పాఠకులే దీనికో ఉపాయం కనిపెట్టుకున్నారు: పుస్తకం పేరు పక్కన ఒకటి నుంచి ఐదు దాకా మిరపకాయ బొమ్మలు పెడతారు. ఎంత స్పైసీగా ఉంటుందో చెప్పడానికి. ప్రచురణకర్తలు చెయ్యాల్సిన పని మిరపకాయలు చేస్తున్నాయి.

రెండు ప్రశ్నలు

అట్టల గోల పక్కన పెడితే, అసలు తేడా వయసులోనో మిరపకాయల్లోనో లేదు. వైఏ నవల నడిచేది ఒక ప్రశ్న మీద: "నేనెవరు?" రొమాన్స్ నవల నడిచేది ఇంకో ప్రశ్న మీద: "వీళ్లిద్దరూ ఇవాళే ఎందుకు ఒకటి కాకూడదు?"

మొదటి ప్రశ్నకి జవాబు ముందే తెలియదు. అమ్మాయి ఇల్లు విడిచిపోవచ్చు, స్నేహితుణ్ని పోగొట్టుకోవచ్చు, ప్రేమించినవాడు మంచివాడు కాదని తేలొచ్చు. రెండోదానికి జవాబు అట్ట చూడగానే తెలుసు. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఈ రకం నవలకి రెండే రెండు షరతులు పెట్టింది: ప్రేమకథే కేంద్రంగా ఉండాలి, ముగింపు తృప్తిగా, ఆశగా ఉండాలి. అంటే శుభం కార్డు పడి తీరాలన్నమాట. పడకపోతే అది మంచి నవల కావచ్చు, గొప్ప నవల కావచ్చు, రొమాన్స్ మాత్రం కాదు.

నా స్నేహితురాలు ఒకామె ఇక్కడే నన్ను పట్టుకుంటుంది. "చివరికి కలుస్తారని తెలిసీ నాలుగొందల పేజీలు ఎందుకే?" అని. రాముడు గెలుస్తాడని తెలిసే కదా రామాయణం వింటాం అంటాను. అది తప్పించుకునే జవాబని నాకూ తెలుసు. అసలు జవాబు ఇది: ముగింపు ఖాయం కాబట్టి కథంతా అడ్డులోనే ఉంటుంది. వాళ్లిద్దరి మధ్యా ఏం అడ్డుందో, అది ఎంత నిజమైన అడ్డో, దాన్ని దాటడానికి ఎవరు ఏం వదులుకోవాల్సి వచ్చిందో, అదే నవల. మిగతాదంతా అలంకారం.

జేన్ ఆస్టిన్ 1813లో చేసింది ఇదే. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది పుస్తకం చివర్లో కాదు, సరిగ్గా నడిమధ్యన. ఎలిజబెత్ కాదు పొమ్మంటుంది. ఆమె అభ్యంతరాల్లో ఒకటి అబద్ధం, ఒకటి నిజం. విక్‌హామ్ అనే అతనికి డార్సీ అన్యాయం చేశాడన్నది అబద్ధం, దానికి ఒక ఉత్తరంతో జవాబిచ్చాడు. ఆమె అక్క జేన్ పెళ్లి చెడగొట్టాడన్నది నిజం, దానికి ఉత్తరం చాలదు, మనిషి మారాలి. మిగతా సగం పుస్తకం ఆ మారడం కోసమే. ఇప్పటి నవలల వెనకట్టల మీద దీన్ని 'ఎనిమీస్ టు లవర్స్' అని రెండు ముక్కల్లో రాసేస్తారు. మన మాటల్లో ఎడ్డెమంటే తెడ్డెమనే జంట. కానీ ఆస్టిన్ జంట పోట్లాడుకోవడానికి కారణాలున్నాయి. ఇప్పటి చాలా జంటలకి పోట్లాట ఒక అలవాటు, అంతే.

వడ్డించిన లేబుళ్లు

ఈ రెండు ముక్కల లేబుళ్లని ట్రోపులు అంటున్నారు. ఉత్తుత్తి ప్రేమ నటించబోయి నిజంగా ప్రేమలో పడటం. హోటల్లో ఒకే గది, గదిలో ఒకే మంచం. మొహం ముడుచుకునేవాడూ ఎప్పుడూ నవ్వే అమ్మాయీ. ట్రోపులు కొత్తవి కావు, కథలంత పాతవి. కొత్త సంగతల్లా వాటిని ముందే చెప్పి అమ్మడం.

దీని మూలం ఫ్యాన్ ఫిక్షన్‌లో ఉందని నా నమ్మకం. ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఇష్టమైన కథలోని పాత్రల్ని తీసుకుని అభిమానులు రాసుకునే కథలు. అక్కడ పాత్రలు పాఠకులకు ముందే తెలుసు, పరిచయం చెయ్యక్కర్లేదు. తెలియాల్సింది ఒక్కటే, వాళ్లని ఈసారి ఏ పరిస్థితిలో పెట్టావు? 2009లో మొదలైన 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' లాంటి చోట్ల ప్రతి కథకీ ట్యాగులుంటాయి. ఒకే మంచం కావాలా, ఆ ట్యాగు నొక్కితే వేలల్లో వస్తాయి. అక్కడ ఇది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే మనుషుల మీద ప్రేమ ముందే ఉంది, ట్యాగు చెప్పేది ఇవాళ్టి ఆట ఏమిటని మాత్రమే.

ఆ రచయితలే తర్వాత అచ్చు పుస్తకాల్లోకి వచ్చారు. ఇ. ఎల్. జేమ్స్ 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' ట్విలైట్ మీద రాసిన ఫ్యాన్ ఫిక్షన్‌గా పుట్టి, పేర్లు మార్చుకుని 2011లో పుస్తకమైంది. అలీ హేజల్‌వుడ్ 2021లో తెచ్చిన 'ద లవ్ హైపాథసిస్' కూడా స్టార్ వార్స్‌లోని రే, కైలో రెన్ జంట మీద రాసిన కథగా మొదలైందే. వాళ్లతోపాటు ట్యాగులూ వచ్చాయి. ఆ తర్వాత టిక్‌టాక్‌లో పుస్తకాల గురించి మాట్లాడే బుక్‌టాక్ గుంపు పెరిగింది. అర నిమిషం వీడియోలో పాత్ర గురించి ఏం చెప్పగలరు? ట్రోపు చెప్పగలరు, ఏడుస్తున్న మొహం చూపించగలరు. అట్ట మీది మాట అలా మారిపోయింది. కొన్ని పుస్తకాలకైతే ప్రకటనలో బాణం గుర్తులు గీసి ఒక్కో ట్రోపూ చూపిస్తారు, మెనూ కార్డులాగా.

ట్రోపు చూసి పుస్తకం ఎంచుకోవడంలో నాకేం అభ్యంతరం లేదు. అలిసిపోయి ఉన్నరోజు నేనూ అలాగే ఎంచుకుంటాను. సాహిత్య పరిశోధకురాలు జానిస్ రాడ్‌వే 1984లో రొమాన్స్ పాఠకురాళ్ల మీద పుస్తకం వేసినప్పుడు, ఆ ఆడవాళ్లు తమ చదువు గురించి చెప్పిన ముఖ్యమైన మాట కథ గురించి కాదు, సమయం గురించి. పుస్తకం పట్టుకుని కూర్చున్నంతసేపూ అది తమ సమయం, ఇంట్లో ఇంకెవరి పనీ కాదు. అలాంటి సమయంలో చేతికి ఏం తగులుతుందో ముందే తెలియాలనుకోవడం న్యాయమే. ఎటొచ్చీ పాఠకుడి చేతిలో సూచికగా ఉన్న ట్రోపు రచయిత చేతిలో ప్లానైపోతే కష్టం. ముందు ట్రోపులు పేర్చుకుని, తర్వాత వాటిలో మనుషుల్ని కూరితే ఆ మనుషులకి ఊపిరాడదు.

'ద లవ్ హైపాథసిస్' ఈ ప్రమాదం అంచు దాకా వెళ్లి నిలదొక్కుకున్న పుస్తకం. పీహెచ్‌డీ విద్యార్థిని ఆలివ్, తనకి వేరే ప్రేమ ఉందని స్నేహితురాల్ని నమ్మించడానికి, ఎదురుపడ్డ మనిషిని ముద్దు పెట్టేసుకుంటుంది. ఆ మనిషి అందరూ భయపడే ప్రొఫెసర్ ఆడం. వినడానికి సిల్లీగా ఉందా, ఉంది. కానీ నటన కొనసాగడానికి ఆడం వైపు కూడా ఒక కారణం ఉంది: ఇతను వేరే చోటికి వెళ్లిపోతాడేమో అని యూనివర్సిటీ అతని పరిశోధన నిధులు ఆపేసింది, ఇక్కడే ఒక బంధం ఉందని కనపడితే నమ్ముతారు. యూనివర్సిటీల సంగతి తెలిసినవాళ్లకి ఇది ముద్దు కంటే నమ్మదగ్గ విషయం. చివర్లో వచ్చే అడ్డు ఇంకా గట్టిది. ఆడం స్నేహితుడైన పెద్ద శాస్త్రవేత్త ఒకడు ఆలివ్‌తో అసభ్యంగా మాట్లాడి, నువ్వు చెప్పినా ఎవరూ నమ్మరు పో అంటాడు. ఆ ఒక్కచోట ఆమె మౌనానికి మనకి కోపం రాదు. మధ్యలో మాత్రం, అతను తనని ఇష్టపడటం లేదని ఆలివ్ నూట యాభై పేజీలు నమ్మడం నా వల్ల కాలేదు. కళ్లముందున్నదాన్ని గుర్తుపట్టలేకపోతే ఈ పిల్ల ల్యాబులో ఏం చూస్తోందో అనిపించింది.

ముప్పావు దగ్గర వచ్చే గొడవ

ఇక పేర్లు చెప్పదలుచుకోని నవలలు బోలెడున్నాయి. వాటన్నిటిలో పుస్తకం ముప్పావు అయ్యేసరికి ఒక గొడవ వస్తుంది. పాఠకులు దీనికి థర్డ్ యాక్ట్ బ్రేకప్ అని పేరు పెట్టుకున్నారు. అతను ఫోన్లో ఎవరితోనో ఏదో అంటాడు, ఆమె తలుపు వెనక సగం వింటుంది, సూట్‌కేస్ సర్దుకుంటుంది. అడిగితే అయిపోయేదానికి అరవై పేజీలు ఏడుపు. నేను ఈమధ్య ఒక అలవాటు చేసుకున్నాను: గొడవ రాగానే పుస్తకం మూసి, ఒక్క ఫోన్ కాల్‌తో ఇది తేలిపోతుందా అని అడుగుతాను. అవును అయితే చివరి అధ్యాయం చదివి పెట్టేస్తాను. రెండు వైపుల కథా మార్చి మార్చి చెప్పే నవలల్లో ఈ గొడవ మరీ తేలిపోతుంది. ఆమె అధ్యాయం తర్వాత అతని అధ్యాయం వస్తుంటే ఇద్దరి మనసూ మనకి ముందే తెలుసు. తెలియనిది వాళ్లకే. ఆ తెలియకపోవడంలో నవ్వు పుట్టించొచ్చు, టెన్షన్ పుట్టించడం కష్టం.

ఎమిలీ హెన్రీకి ఈ సంగతి తెలుసు. 2022లో వచ్చిన 'బుక్ లవర్స్' నాకు ఈ మధ్య రొమాన్సుల్లో అన్నిటికన్నా ఇష్టం. ఊళ్లో పాత కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది కదా: మహానగరంలో పెద్ద ఉద్యోగం చేసే అబ్బాయి పనిమీద చిన్న ఊరికెళ్తాడు, అక్కడ అమాయకమైన అమ్మాయిని చూసి మారిపోతాడు, నగరంలో ఉన్న కరుకు ప్రేయసిని వదిలేస్తాడు. హెన్రీ ఆ వదిలేయబడ్డ ప్రేయసిని నాయికని చేసింది. నోరా ఒక లిటరరీ ఏజెంట్, అంటే రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే మనిషి. ఆమెని ఇలా వదిలేసి వెళ్లినవాడు ఒక్కడు కాదు. చెల్లెలు లిబ్బీ పట్టుబడితే ఆమె కూడా ఒక చిన్న ఊరికి సెలవుకెళ్తుంది, అక్కడ తగిలేది తనలాగే నగరంలో పనిచేసే ఎడిటర్ చార్లీ.

ఇందులో అడ్డు ఏమిటో చూడండి. ఒకళ్ల మీద ఒకళ్లకి అనుమానం లేదు, పాత శత్రుత్వం లేదు, తలుపు చాటు వినికిడి లేదు. అతని తండ్రికి ఆరోగ్యం బాలేదు, ఇంటివాళ్ల పుస్తకాల షాపు చూసుకోవాలి, ఊళ్లోనే ఉండాలి. ఆమె జీవితం నగరంలో ఉంది, ఆ జీవితమంటే ఆమెకి ఇష్టం. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరిదీ న్యాయమే. ఎంతసేపు మాట్లాడుకున్నా తేలదు. అదీ అడ్డంటే. పైగా నోరా కథలో సగం అసలు ప్రేమ గురించి కాదు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచిన అక్క, ఇక చెల్లెలికి తన అవసరం లేదని తెలుసుకోవడం గురించి. అంటే రొమాన్స్ అరలో కూర్చున్న ఈ పుస్తకం లోపల్లోపల "నేనెవరు?" అనే అడుగుతోంది. వయసు ముప్పై దాటిన మనిషి అడుగుతోంది, అంతే తేడా.

దీనికి రివర్సులో ఉంటుంది రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్'. 2023 మేలో మొదటిది, అదే ఏడాది నవంబర్లో రెండోది, 2025 జనవరిలో మూడోది 'ఆనిక్స్ స్టార్మ్'. మూడోది మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు అమ్ముడైంది. వయొలెట్‌కి 20 ఏళ్లు, ఎముకలూ కీళ్లూ బలహీనం, పుస్తకాల మధ్య బతుకుదామనుకున్న పిల్ల. సైన్యంలో జనరల్ అయిన తల్లి ఆమెని డ్రాగన్ల మీద స్వారీ చేసే యుద్ధ కళాశాలలోకి తోస్తుంది. అక్కడ ఎదురయ్యే జేడెన్ తిరుగుబాటు నడిపి మరణశిక్ష పడ్డవాడి కొడుకు. అడ్డు చాలా గట్టిది, కాదనను. మొదటి సగం నేను తిండి మానేసి చదివాను. కానీ ఆ సగం వేడి అంతా వైఏ వేడి: అమ్మ రాసిపెట్టిన బతుకు నాదేనా, ఈ ఒంటితో నేను ఇక్కడ నిలబడగలనా. ప్రేమ ముదిరేకొద్దీ ఆ ప్రశ్న వెనక బెంచీకి వెళ్లిపోతుంది. తర్వాతి భాగాల్లో అతను ఏదో దాస్తాడు, ఆమె అలుగుతుంది, మళ్లీ దాస్తాడు. సిరీస్ పొడుగుకి తగ్గట్టు అడ్డుని సాగదీయాల్సి వస్తే ఇలాగే అవుతుంది.

సాగదీతకి డబ్బు కారణాలూ ఉన్నాయి. ఒక్క నవలకన్నా సిరీస్ మేలు, పాఠకులు చేతిలో ఉంటారు. కిండిల్ అన్‌లిమిటెడ్ లాంటి చందా పథకంలో రచయితకి డబ్బిచ్చేది 2015 జులై నుంచి చదివిన పేజీల లెక్కన. పేజీకి ఇంత అన్నప్పుడు పొట్టి నవల ఎవరు రాస్తారు? "తరువాయి వచ్చే వారం" అన్న పాత సీరియల్ కిటుకే, వారం స్థానంలో తర్వాతి భాగం వచ్చింది.

కుర్చీని తన్నినవాడు

ఈ రెండు ప్రశ్నల చిక్కుముడి బాగా బిగుసుకున్నది కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్' దగ్గర. 2016లో వచ్చింది, బుక్‌టాక్ పుణ్యమా అని 2021లో విరుచుకుపడింది. దీని మీద ఎంతమంది పోట్లాడుకున్నారో లెక్కలేదు, నేనూ పోట్లాడాను.

లిలీ తండ్రి అంత్యక్రియలయ్యాయి. ఆ తండ్రి తల్లిని కొట్టేవాడు. ఆ రాత్రి ఆమె ఒక మేడ మీద కూర్చుని ఉండగా తలుపు తోసుకుని ఒకతను వస్తాడు, కోపంగా అక్కడున్న కుర్చీని తంతాడు. అతను రైల్, న్యూరోసర్జన్, అందగాడు. ఇప్పుడు మీరు రొమాన్స్ చదివే అలవాటున్నవాళ్లైతే ఆ తన్ను మీకు ఎలా కనిపిస్తుంది? లోపల ఏదో గాయం ఉన్న హీరోలా కనిపిస్తాడు. ఈ అమ్మాయి ఆ గాయం మాన్పుతుంది అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. వందల నవలలు నాకు నేర్పింది అదే.

కొంతకాలానికి ఒక రాత్రి, ఇద్దరూ సంతోషంగా ఉన్నప్పుడు, రైల్ ఓవెన్‌లోంచి వేడి గిన్నె ఒట్టి చేత్తో తీసి చెయ్యి కాల్చుకుంటాడు. లిలీకి నవ్వొస్తుంది. మరుక్షణం ఆమె కింద పడి ఉంటుంది, కంటి దగ్గర రక్తం. కావాలని చెయ్యలేదు, చెయ్యి కాలిన మంటలో విసిరాడు, అంతే కదా అని లిలీ తనకి తాను చెప్పుకుంటుంది. ఆ మాట నేను కూడా ఆమెతోపాటే చెప్పుకున్నాను. ఆ పేజీలో రచయిత నా అలవాటుతోనే నన్ను పట్టేసింది. బయటినుంచి చూసేవాళ్లు "ఎందుకు వదిలి రాదు?" అని తేలిగ్గా అడుగుతారు. ఎందుకో ఆ రెండు పేజీలు చూపించినట్టు ఉపన్యాసాలు చూపించలేవు. తన తల్లి అనుభవమే దీని వెనక ఉందని హూవర్ పుస్తకం చివర్లో రాసుకుంది.

కాబట్టి ఇది హింసని అందంగా చూపించే పుస్తకం అన్న ఆరోపణ నేను ఒప్పుకోను. లిలీ చివరికి వదిలేస్తుంది, పుట్టిన కూతుర్ని చేతుల్లో పెట్టుకుని వదిలేస్తుంది. నా ఫిర్యాదు రెండు చోట్ల ఉంది. ఒకటి, దాన్ని అమ్మిన తీరు. పువ్వుల అట్ట, ప్రేమకథ అన్న ప్రచారం. 2023 జనవరిలో దీని పేరు మీద రంగులు నింపుకునే పుస్తకం వేస్తామని ప్రకటించి, పాఠకులు మండిపడితే రచయిత క్షమాపణ చెప్పి రద్దు చేసుకోవాల్సి వచ్చింది. రెండోది కథలోనే ఉంది: చిన్నప్పటి ప్రేమికుడు అట్లాస్ ఒకడు పక్కనే సిద్ధంగా ఉంటాడు. లిలీ ఎవరూ లేని గదిలోకి నడిచి వెళ్లి ఉంటే ఆ పుస్తకం నన్ను ఇంకా చాలాకాలం వదిలేది కాదు. శుభం కార్డు కావాలి కాబట్టి, ఒక హీరో పోగానే ఇంకో హీరో రావాల్సి వచ్చింది. 2022లో అట్లాస్‌తో రెండో భాగమూ వచ్చింది. "నేనెవరు?" అని మొదలైన కథని "ఎవరితో?" అన్న ప్రశ్న మింగేసింది.

ఇక్కడికి వచ్చాక మళ్లీ మా అక్క కూతురి చేతిలో పెట్టిన పుస్తకం. 'ద హంగర్ గేమ్స్' 2008 నాటిది. అందులో ఉన్న ట్రోపు సరిగ్గా 'ద లవ్ హైపాథసిస్'లో ఉన్నదే, ఉత్తుత్తి ప్రేమ. కాట్నిస్ అనే అమ్మాయి, పీటా అనే అబ్బాయి బరిలో ఉన్నారు. పీటాకి కాలికి గాయమై జ్వరం, ఒక గుహలో దాక్కున్నారు. దేశమంతా టీవీలో చూస్తోంది. చూసేవాళ్లకి ప్రేమకథ నచ్చితే డబ్బున్నవాళ్లు సాయం పంపిస్తారు. కాట్నిస్ అతన్ని ముద్దు పెట్టుకుంటుంది. కాసేపటికి బయట చిన్న పారాచూట్ దిగుతుంది, దానికి కట్టి వేడి సూపు గిన్నె. పంపింది వాళ్ల గురువు హేమిచ్. చీటీ ఏమీ లేదు, అక్కర్లేదు కూడా. ఒక ముద్దుకి ఒక గిన్నె సూప్ అని ఆమెకి అర్థమైపోతుంది.

అతను నిజంగానే ప్రేమిస్తున్నాడు. ఆమె ఆకలికి నటిస్తోంది. నటిస్తూ నటిస్తూ ఎంత నటనో ఆమెకే తెలియకుండా పోతోంది. ఏ రొమాన్స్ నవలైనా ఈ సన్నివేశాన్ని "ఎప్పుడు కలుస్తారు" వైపు తిప్పుతుంది. ఇది మాత్రం "నా ముద్దు ఎవరిది?" వైపు తిప్పింది. బతకడానికి ప్రేమని అమ్ముకోవాల్సొచ్చిన పిల్లకి తన మనసు తనకెలా తెలుస్తుంది? గులాబీ అట్ట వద్దని నేను ఇది ఇచ్చింది అందుకే, ఇచ్చేటప్పుడు అంత ఆలోచించలేదు గానీ.

మొన్న ఫోన్ చేసింది. చంపుకోవడాల గురించి భయపడిందేమో అని నేను నెమ్మదిగా అడగబోతుంటే, దాని గొడవ వేరే ఉంది.

"పిన్నీ, ఆ గుహలో... అది నిజం ముద్దా, సూప్ కోసమా?"

"నీకేమనిపించింది?"

కాసేపు మాట్లాడలేదు. "మొదటిది సూప్ కోసమే. తర్వాతవి తెలీట్లేదు. తనకి కూడా తెలీట్లేదు కదా?"

రెండో భాగం అలమరలో ఎక్కడుందో చెప్పి, ఆదివారం వచ్చి తీసుకెళ్లమన్నాను.